పాత వీడియో గేముల బాణీలు ఇన్నేళ్లయినా చెవిని ఎందుకు వదలడం లేదు?

కూనిరాగం (శనివారం, ఉదయం 7.20)

సభ్యులందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసులో నానుతున్న ప్రశ్నను ఈరోజు మీ ముందు పెడుతున్నాను. సూపర్ మారియో బ్రదర్స్ 1985లో వచ్చింది. అందులో మొదటి లెవెల్ కోసం కోజి కొండో కట్టిన బాణీని 2023లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చింది. ఆ పట్టికకెక్కిన మొదటి వీడియో గేమ్ సంగీతం అదే. గేముల జోలికే వెళ్లనివారు కూడా మొదటి ఏడు స్వరాలు వినగానే దాన్ని గుర్తుపడుతున్నారు.

ఇలాంటి బాణీలు ఇంతకాలం ఎలా నిలిచాయని ఎవరిని అడిగినా, "చిన్నప్పటి జ్ఞాపకం" అన్న ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. నాకు ఆ జవాబు సగమే అనిపిస్తుంది. క్రోనో ట్రిగర్ 1995లో వచ్చినప్పుడు నేను దాని పేరు కూడా వినలేదు, ఇప్పటికీ ఆ గేమ్ ఆడలేదు. అయినా యసునోరి మిత్సుదా అందులో కట్టిన బాణీలు, రెండేళ్ల క్రితం మొదటిసారి విన్ననాటి నుంచి, ఏ పనిలో ఉన్నా నాకు తెలియకుండానే నోటికి వస్తున్నాయి. ఆ గేముతో ముడిపడిన బాల్యం నాకు లేదు కదా, మరి ఆ పట్టు ఎక్కడి నుంచి వచ్చినట్టు? సంగీతం తెలిసినవారు, గేములు తయారుచేసేవారు, కేవలం వినేవారు, అందరూ మీ అభిప్రాయం రాయవలసిందిగా కోరుతున్నాను.

సందేహి (శనివారం, ఉదయం 9.05)

కూనిరాగం గారూ, ప్రశ్న బాగుంది కాబట్టి అవతలి పక్షం నేను తీసుకుంటాను. జ్ఞాపకం అన్న జవాబును మీరు తేలిగ్గా తీసుకుంటున్నారని నా అభిప్రాయం. ఒక విషయాన్ని పదేపదే ఎదుర్కోవడం వల్లనే దాని మీద మనకు ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే చూపారు. పాత గేముల సంగీతం ఆ సూత్రానికి సరిగ్గా సరిపోతుంది. నిమిషం నిడివి ఉన్న బాణీ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, లెవెల్ దాటలేని పిల్లవాడు గంటసేపు కూర్చుంటే అదే బాణీని అరవై సార్లు వింటాడు. ఏ పాటనైనా ఒకే రోజున అరవై సార్లు, అదీ ఒళ్లంతా చెవులు చేసుకుని వింటే, అది మనలో ఇంకకుండా ఎలా ఉంటుంది?

రెండో మాట. మనం తలుచుకునేవి ఎప్పుడూ ఆ పదో పదిహేనో బాణీలే. అదే కాలంలో వచ్చిన వందలాది గేముల్లో గుర్తుంచుకోదగ్గ సంగీతం లేదు, అందుకే వాటిని ఎవరూ గుర్తుంచుకోలేదు. వడపోతలో నిలిచినవాటిని మాత్రమే చూపించి ఆ కాలపు సంగీతమంతా గొప్పదనడం న్యాయం కాదు. క్రోనో ట్రిగర్ మీ దాకా వచ్చింది కూడా, ముప్పై ఏళ్లుగా ఎందరో దాన్ని ఏరి, మెచ్చి, మీకు అందించినందువల్లనే.

పాతకార్ట్రిడ్జ్ (శనివారం, మధ్యాహ్నం 12.40)

ఇద్దరి మాటల్లోనూ యంత్రం ప్రస్తావన రాలేదు. ఆ యంత్రాన్ని తెలుసుకోకుండా ఆ బాణీలు ఎందుకు అలా ఉన్నాయో అర్థం కాదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మారియో గేమ్ నడిచింది నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్ మీద, అది టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం. అందులో ధ్వనిని పుట్టించే చిప్పుకు ఐదే ఛానెళ్లు ఉన్నాయి. రెండు పల్స్ ఛానెళ్లు, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, ముందే నమోదు చేసిన చిన్న శబ్దపు తునకలను వినిపించడానికి మరొకటి. ఒక్కో ఛానెల్ ఒక సమయంలో ఒక స్వరాన్ని మాత్రమే పలుకుతుంది. ట్రయాంగిల్ ఛానెల్‌లో శబ్దాన్ని పెంచే, తగ్గించే వీలు కూడా లేదు, అది మోగుతుంది లేదా ఆగుతుంది, అంతే. సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ మొత్తం, బొమ్మలు, లెవెళ్లు, సంగీతం అన్నీ కలిపి, 40 కిలోబైట్లలో ఇమిడింది. ఈనాడు ఫోనులో తీసిన ఒక మామూలు ఫోటో దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది.

ఇంత ఇరుకులో పనిచేసేవారికి వాద్యాల హంగుతో, ప్రతిధ్వనితో, గాయకుడి గొంతుతో బలహీనమైన బాణీని కప్పిపుచ్చే వీలు లేదు. ఒక పల్స్ ఛానెల్ బాణీని మోస్తే, రెండోది దానికి జోడుగా పలుకుతుంది లేదా అదే బాణీని కాస్త ఆలస్యంగా, కాస్త మెల్లగా పలికి ప్రతిధ్వని ఉన్నట్టు చెవిని నమ్మిస్తుంది. ట్రయాంగిల్ బేస్‌ను (అడుగున నడిచే మంద్ర స్వరాలను), నాయిస్ తాళాన్ని పట్టుకుంటాయి. అంటే నిలబడవలసింది బాణీ ఒక్కటే. బాణీలో బలం లేకపోతే ఆ చిప్పు దాన్ని నిర్దాక్షిణ్యంగా బయటపెట్టేస్తుంది.

దగ్గరగా గమనించదగ్గ సంగతి ఒకటి ఉంది. గేమ్‌లోని చప్పుళ్లకు ప్రత్యేకంగా ఛానెళ్లు లేవు, అవి సంగీతం నుంచే అప్పు తీసుకోవాలి. మారియో ఎగిరినప్పుడు వచ్చే శబ్దం ఒక పల్స్ ఛానెల్‌ను లాక్కుంటుంది, నాణెం తీసుకున్నప్పటి శబ్దం రెండో దాన్ని లాక్కుంటుంది. ఆ క్షణంలో బాణీలో ఒక గొంతు నిజంగానే మూగబోతుంది. కానీ ఆడుతున్నవాడికి లోటు తెలియదు. పోయిన స్వరాలను చెవి తనంతట తాను పూరించుకుంటుంది, బేస్, తాళం ఆగకుండా నడుస్తూనే ఉంటాయి కాబట్టి బాణీ చేయి జారదు. ఇన్ని కోతలు పడినా ముక్కలు కాకుండా నిలిచేలా ఆ బాణీని కట్టడం మామూలు విద్య కాదు.

మీటలు (శనివారం, సాయంత్రం 5.15)

నేను పియానో నేర్పుతాను. పాతకార్ట్రిడ్జ్ గారు చెప్పినదానికి నా అనుభవంలోంచి ఒక ఆధారం ఇస్తాను.

పిల్లలు తమకిష్టమైన గేమ్ సంగీతాన్ని వాయించాలని అడిగినప్పుడు, నేను దాన్ని రెండు చేతులకు సరిపడేలా కుదించి రాసిస్తుంటాను. ఈ మధ్య వచ్చే పెద్ద గేముల్లో వాద్యబృందం అంతా కలిసి వాయించే ఘట్టాలను అలా కుదించబోతే, చాలాసార్లు చేతికి మిగిలేది నాలుగు కార్డులు (ఒకేసారి కలిసి పలికే స్వరాల గుంపులు), ఒక ఢంకా మోత. వాతావరణమంతా వాద్యాల రంగులోనే ఉంది కాబట్టి పియానో మీదకు అది రాదు. అదే ఫ్యామికామ్ కాలపు బాణీని తీసుకుంటే అసలు కుదించవలసిన పనే ఉండదు. కుడిచేతికి బాణీ, ఎడమచేతికి బేస్, మధ్యలో ఒక జోడు గొంతు, అన్నీ అలాగే దిగిపోతాయి, ఏదీ నష్టం కాదు.

మారియో బాణీని నేర్పేటప్పుడు పిల్లలు ప్రతిసారీ ఒకేచోట తడబడతారు. అక్కడి స్వరాలు కష్టమైనవేమీ కావు, లయ కష్టం. దెబ్బ పడుతుందనుకున్న చోట పడకుండా అర అక్షరం ముందుకు జరిగి పడుతుంది. పదకొండేళ్ల అమ్మాయి ఒకతె ఆ చోటు దగ్గర మూడు వారాలు ఆగిపోయింది. నాలుగో వారం పీట మీంచి లేచి, గదిలో నడుస్తూ, ఆ బాణీని పాడుతూ, సరిగ్గా ఆ అర అక్షరం దగ్గర చిన్న గెంతు వేసింది. వెంటనే వచ్చి కూర్చుని తప్పు లేకుండా వాయించింది. ఆ లయ కాళ్ల కోసమే పుట్టిందని, ఎగిరే బొమ్మ కదలికకు కొండో దాన్ని జత చేశారని నాకు ఆ పిల్ల వల్లనే బోధపడింది.

సందేహి (శనివారం, రాత్రి 8.30)

మీటలు గారి అనుభవం ఆసక్తికరంగా ఉంది. అయితే ఇరుకే మంచి బాణీని పుట్టిస్తుందన్న వాదాన్ని నేను ఇంకా ఒప్పుకోలేను. 1989లో, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ యంత్రంతో వచ్చిన టెట్రిస్‌ను తీసుకోండి. అందులో అందరికీ గుర్తున్న బాణీ ఆ గేమ్ కోసం కట్టింది కాదు. అది కొరోబెయ్నికి అనే రష్యన్ జానపద గీతం, దాని మాటలు నెక్రాసోవ్ 1861లో రాసిన కవిత నుంచి వచ్చాయి. హిరోకాజు తనాకా దాన్ని ఆ చిన్న యంత్రానికి తగినట్టు మలిచారు. జనం నోళ్లలో తరాల తరబడి నలిగి నిగ్గుదేలిన పాట ఏ చిప్పు మీదనైనా నిలబడుతుంది. అందులో చిప్పు గొప్పదనం ఏముంది?

ఇంకో ఉదాహరణ. 1991 నాటి సోనిక్‌లో నీటి అడుగున ఊపిరి అయిపోతున్నప్పుడు అంతకంతకూ వేగం పెరిగే చిన్న సంగీతం వస్తుంది. నేటికీ అది విన్న చాలామందికి గుండె దడ మొదలవుతుంది. సంగీతంగా చూస్తే అందులో పెద్దగా ఏమీ లేదు, ఉన్నదంతా మనం పడ్డ భయమే.

నాయిస్‌ఛానెల్ (ఆదివారం, ఉదయం 6.50)

నేను చిన్న చిన్న గేములకు సంగీతం సమకూరుస్తాను కాబట్టి, ఈ చర్చలో ఇంతవరకు రాని ఒక కోణం చెబుతాను. మామూలు పాటకు మొదలు, తుద ఉంటాయి. గేమ్ బాణీకి తుది లేదు. అది ఎప్పుడు ఆగుతుందో కట్టినవారికి తెలియదు, ఆడేవాడి చేతిలో ఉంటుంది. కనుక చివరి వరుస ముగిసినట్టు అనిపించకూడదు, మొదటి వరుసను అడుగుతున్నట్టుండాలి. పల్లవిని ఎత్తుకోవాలన్న కోరిక పుట్టించే దగ్గర చరణం ఆగినట్టు, ఆ అతుకు దగ్గర చెవి ముందుకు తూలాలి. పాత బాణీల్లో ఆ అతుకును వెతికి వినండి, ఎక్కడ మళ్లీ మొదలైందో చాలాసార్లు పట్టుకోలేరు.

ఇది ఎంత కష్టమో నాకు మొదటి గేమ్‌తోనే తెలిసింది. ముప్పై రెండు సెకన్ల లూప్ (ఆగకుండా తిరిగే బాణీ) ఒకటి కట్టాను. ఒక్కసారి విన్నవారందరూ బాగుందన్నారు. ఆడి చూడడానికి ఇచ్చిన మొదటి మనిషి పది నిమిషాల్లో ధ్వని తీసేశాడు. ఎందుకని అడిగితే, ఎనిమిదో సెకను దగ్గర తారస్థాయిలో మెరుపులా వచ్చే స్వరాన్ని వేలితో చూపించి, "ఇది మళ్లీ వస్తుందని ఎదురుచూడడంతోనే అలసిపోతున్నాను" అన్నాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన స్వరం అదే. దాన్ని తీసేసి, ఆ ఎత్తును నాలుగు వరుసల మీదుగా పంచిన తర్వాతే ఆ బాణీ గేమ్‌లో నిలిచింది. కాబట్టి సందేహి గారూ, అరవై సార్లు వింటే ఏదైనా నచ్చుతుందన్న మాట నేను ఒప్పుకోను. అరవై సార్లు వింటే చాలా బాణీలు భరించరానివి అవుతాయి. అరవయ్యోసారి కూడా విసుగు పుట్టించనివే మన దగ్గర మిగిలాయి.

సోనిక్ ఉదాహరణకు మాత్రం మీతో ఏకీభవిస్తాను, ఇంకొంచెం వెనక్కి కూడా వెళ్తాను. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో సంగీతం అంటే దిగుతూ వచ్చే నాలుగు మంద్ర స్వరాలే. శత్రువులు తగ్గేకొద్దీ వాటి నడక వేగం పుంజుకుంటుంది, ఆ నాలుగు స్వరాలూ అలాగే వేగం పుంజుకుంటాయి. ఆడేవాడు చేసే ప్రతి పని సంగీతాన్ని మారుస్తోందన్నమాట. సినిమా పాటను మనం వింటాం, ఇక్కడ మనం పాటలో ఉంటాం. దీన్ని తిరగేసి వాడిన పెద్దమనిషి కూడా హిరోకాజు తనాకాయే. 1986లో మెట్రాయిడ్‌కు పనిచేసినప్పుడు, సంగీతానికి, చప్పుడుకు మధ్య గీత చెరిగిపోయేలా చేసి, పాడుకోదగ్గ బాణీని మొత్తం ఆట గెలిచాక చివరన మాత్రమే వినిపించారు. అన్ని గంటల బిగువు తర్వాత ఆ బాణీ వచ్చినప్పుడు కలిగే విడుదలను మాటల్లో పెట్టడం నాకు చేతకాదు.

కొత్తచెవి (ఆదివారం, ఉదయం 10.10)

అందరికీ నమస్కారం. నా వయసు పంతొమ్మిది. మీరు చెబుతున్న యంత్రాల్లో ఒక్కటి కూడా నేను చేత్తో పట్టుకోలేదు. 2015లో వచ్చిన అండర్‌టేల్ సంగీతం ద్వారా ఈ దారిలోకి వచ్చాను, దాని తర్వాత 2014 నాటి షవెల్ నైట్ విన్నాను. అందులో జేక్ కౌఫ్‌మన్‌తో పాటు రెండు బాణీలు మనామి మత్సుమయే కట్టారని తెలిసి, ఆవిడ 1987లో మొదటి మెగా మ్యాన్‌కు పనిచేశారని చదివి, అలా వెనక్కి నడుచుకుంటూ వెళ్లాను. ఇవన్నీ నాకు కొత్త పాటలే. పాతవన్న సంగతి వాటి పేర్లు చదివితేనే తెలుస్తుంది.

నేను చదువుకునేటప్పుడు ఇవే పెట్టుకుంటాను. మాటలున్న పాట పెడితే మనసు మాటల వెంట పోతుంది. ఇవి మనసును మెలకువగా ఉంచుతాయి, దాన్ని లాక్కుపోవు. ఒకడు గంటల తరబడి ఏకాగ్రతతో ఒక పని చేస్తుండగా పక్కన ఉండడం కోసమే కట్టిన సంగీతం కదా, అందుకేనేమో.

డాంకీ కాంగ్ కంట్రీలో నీటి అడుగు లెవెల్ కోసం డేవిడ్ వైజ్ కట్టిన బాణీని బొమ్మ చూడకుండా, పేరు తెలియకుండా మొదటిసారి విన్నాను. వింటున్నంతసేపూ నీళ్లే కనిపించాయి. అది 1994 నాటిదంటే నమ్మలేకపోయాను.

పాతకార్ట్రిడ్జ్ (ఆదివారం, మధ్యాహ్నం 1.25)

కొత్తచెవి గారు చెప్పిన ఆ బాణీ వెనక ఎంత పని ఉందో చెబితే మీ ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. ఆ గేమ్ నడిచింది ఫ్యామికామ్ తర్వాత నింటెండో తెచ్చిన సూపర్ ఫ్యామికామ్ మీద. దాని ధ్వని భాగాన్ని సోనీ తయారుచేసింది, ఆ భాగం రూపకర్త కెన్ కుతరాగి, తర్వాత ప్లేస్టేషన్‌ను తెచ్చిన ఆయనే. అందులో ఎనిమిది గొంతులు పలుకుతాయి, నిజమైన వాద్యాల శబ్దపు తునకలను వాడుకోవచ్చు. అయితే అన్నిటికీ కలిపి ఉన్న చోటు 64 కిలోబైట్లే. ఖరీదైన సింథసైజర్ నుంచి వచ్చే, నెమ్మదిగా రంగులు మారే ధ్వనిని ఆ చోటులోకి తేవడానికి వైజ్ చిన్న చిన్న తరంగాల తునకలను ఒకదాని వెంట ఒకటి పేర్చి, వారాల తరబడి చేత్తో సరిచేశారు. నీళ్లలో వెలుగు కదిలినట్టనిపించే ఆ మెరుపు అలా వచ్చింది.

ప్రతి యంత్రానికీ ఒక గొంతు ఉండేదన్న సంగతి ఇప్పటివారికి చెప్పి తీరాలి. 1982 నాటి కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌లో బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ అనే ధ్వని చిప్పుకు మూడే గొంతులు. ఒకేసారి మూడు స్వరాల కార్డు పలికితే ఇంకేమీ మిగలదు కాబట్టి, రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే వంటివారు ఒకే గొంతులో ఆ మూడు స్వరాలను చెవి విడదీసి పట్టలేనంత వేగంగా తిప్పేవారు. చెవికి అది కార్డులా తోచేది, కానీ బుడగలు పొంగుతున్నట్టు ఒక వణుకు ఉండేది. లోటును పూడ్చడానికి పుట్టిన ఆ వణుకే తర్వాత ఒక శైలి అయి కూర్చుంది. అదే సెగా మెగా డ్రైవ్‌లో ఎఫ్‌ఎం చిప్పు (ఒక తరంగంతో మరో తరంగాన్ని కదిలించి ధ్వనిని పుట్టించేది) లోహపు గొంతుతో పలుకుతుంది. యుజో కోషిరో 1991లో స్ట్రీట్స్ ఆఫ్ రేజ్‌కు ఆ లోహాన్నే క్లబ్బు సంగీతంగా మార్చారు. గొంతు వినగానే మనిషిని పోల్చుకున్నట్టు, ఒక్క స్వరం వినగానే ఇది ఏ యంత్రమో చెప్పవచ్చు. 1990ల మధ్యలో డిస్కులు వచ్చి ఏ సంగీతాన్నైనా నేరుగా ముద్రించే వీలు కలిగాక ఆ గుర్తింపు తగ్గిపోయింది.

ఒక సంగతి చెప్పి ఆపుతాను. ఈ బాణీలు కట్టినవారిలో ఎందరో స్త్రీలు. మత్సుమయే, 1986 నాటి మొదటి కాసిల్‌వేనియాకు కినుయో యమాషితా, 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2కు యోకో షిమోమురా. యమాషితా పేరు ఆ గేమ్‌లో అసలు కనిపించదు, మారుపేరు వేశారు. మనం కూనిరాగం తీస్తున్న బాణీ ఎవరిదో చాలా ఏళ్లు మనకు తెలియకపోవడం బాధాకరం.

అరవైహెర్ట్జ్ (ఆదివారం, సాయంత్రం 4.00)

జ్ఞాపకం పక్షానికి, బాణీ పక్షానికి రెండింటికీ పనికొచ్చే ఉదాహరణ నా దగ్గర ఉంది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు తెరను నింపితే, యూరప్‌లో చాలా దేశాల టీవీలు 50 సార్లు నింపేవి. చాలా గేముల్లో సంగీతం నడక తెర లెక్కకే కట్టుబడి ఉండేది. మార్చకుండా అలాగే అమ్మిన గేముల్లో బాణీ దాదాపు ఆరో వంతు నెమ్మదించేది. అలా ఒకే బాణీని రెండు వేగాలతో విని పెరిగిన రెండు జనాలు తయారయ్యారు. నెమ్మది వేగంతో పెరిగినవారికి అసలు వేగం తరుముతున్నట్టుంటుంది, అసలు వేగంతో పెరిగినవారికి రెండోది నీళ్లలో నడిచినట్టుంటుంది. ఎవరి వేగం వారికి సరైనదిగా తోచడం జ్ఞాపకం పనే. కానీ తప్పుడు వేగంతో విన్నవారు కూడా ఆ బాణీని అంతగానూ ప్రేమించారు కదా, అది బాణీ పనే అనుకుంటాను.

సందేహి (ఆదివారం, రాత్రి 7.45)

అరవైహెర్ట్జ్ గారి మాట నన్ను ఆలోచింపజేసింది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఈ సంగీతాన్ని గేమ్ బయట వినడం అన్నది ఎప్పుడు మొదలైంది? 2003లో లైప్‌జిగ్‌లో వాద్యబృందంతో గేమ్ సంగీత కచేరీ జరిగింది, జపాన్ బయట అలాంటిది అదే మొదటిది. 2021లో టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో క్రీడాకారులు నడిచి వస్తుంటే గేముల సంగీతం వాయించారు. అప్పటికి ఆ గేములు ఆడిన పిల్లలు పెద్దవారై, నిర్ణయాలు తీసుకునే కుర్చీల్లో ఉన్నారు. ఒక తరం తన బాల్యాన్ని వేదిక ఎక్కించుకుంది అంటే మీరేమంటారు?

నాయిస్‌ఛానెల్ (ఆదివారం, రాత్రి 9.20)

సందేహి గారూ, సరైన ప్రశ్న అడిగారు, దానికి సమాధానం తేదీలలోనే ఉంది. ఎలక్ట్రానిక్ సంగీతంలో అప్పటికే పేరు మోసిన హరువోమి హోసోనో, నామ్‌కో సంస్థ ఆర్కేడ్ గేముల సంగీతంతో 1984లోనే ఒక ఆల్బమ్ తెచ్చారు. అప్పటికి ఆ గేములు ఇంకా కొత్తవే. డ్రాగన్ క్వెస్ట్ 1986లో వచ్చింది, మరుసటి ఏడే టోక్యోలో దాని సంగీతంతో కచేరీ జరిగింది. దాని కర్త కోయిచి సుగియామా అప్పటికే యాభై దాటినవారు, టీవీకి, పాటలకు పనిచేసి చేయి తిరిగినవారు. ఏడాది క్రితం నాటి సంగీతాన్ని చిన్ననాటి జ్ఞాపకం అనలేం. పుట్టిన వెంటనే ఈ బాణీలు గేమ్ గడప దాటాయి.

సందేహి (ఆదివారం, రాత్రి 9.55)

1984 నాటి ఆల్బమ్ సంగతి నాకు తెలియదు. ఆ తేదీల ముందు నా వాదంలో ఆ భాగం నిలవదు, వెనక్కి తీసుకుంటున్నాను. వడపోత గురించి చెప్పినదాన్ని మాత్రం అలాగే ఉంచుతున్నాను.

మీటలు (సోమవారం, ఉదయం 6.30)

కచేరీల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పెద్ద వాద్యబృందం చేతిలో పడ్డ ప్రతి బాణీ మెరుగుపడదు. 1987 నాటి మొదటి ఫైనల్ ఫాంటసీ తెరవగానే నోబువో ఉయెమాత్సు కట్టిన ఆరోహణ, అవరోహణ వినిపిస్తుంది. స్వరాలు విడివిడిగా మెట్లెక్కి మెట్లు దిగుతాయి, రెండో గొంతు నీడలా వెంట వస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. తర్వాతి భాగాల్లో దాని మీద మరో బాణీ చేర్చారు, హార్ప్‌తో, తీగవాద్యాలతో వాయించారు, అవీ అందంగానే ఉంటాయి. కానీ ఆ చిప్పు మీద ప్రతి స్వరం గాజుగోళీలా వేరుగా, కచ్చితంగా పడినప్పుడు ఉండే ఏకాంతం వాద్యబృందంలో నాకు దొరకలేదు.

కొత్తచెవి (సోమవారం, ఉదయం 8.15)

ఒక చిన్న సందేహం. మీరందరూ బేస్ ఒక్కటే, ట్రయాంగిల్ ఒక్కటే అని విడదీసి మాట్లాడుతున్నారు. వాటిని విడిగా వినడం ఎలా?

పాతకార్ట్రిడ్జ్ (సోమవారం, ఉదయం 8.50)

ఫ్యామికామ్ సంగీతాన్ని ఎన్‌ఎస్‌ఎఫ్ అనే రకం ఫైళ్లుగా భద్రపరిచారు. అందులో ఉండేది రికార్డింగు కాదు, చిప్పుకు సూచనలిచ్చే అసలు ప్రోగ్రామే. ఆ ఫైళ్లను వినిపించే సాఫ్ట్‌వేర్లలో ఒక్కో ఛానెల్‌ను విడిగా మూసే వీలుంటుంది. సన్‌సాఫ్ట్ వారి 1990 నాటి జర్నీ టు సిలియస్‌తో మొదలుపెట్టండి. నవోకి కొదాకా బృందం ఆ శబ్దపు తునకల ఛానెల్‌ను బేస్ గిటార్‌గా మార్చేసింది. ఆ చిన్న యంత్రం నుంచి అంత బరువైన బేస్ రావడం వింటే నమ్మకం కుదరదు.

కూనిరాగం (సోమవారం, రాత్రి 10.05)

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. పాతకార్ట్రిడ్జ్ గారి మాట పట్టుకుని ఈ సాయంత్రం జర్నీ టు సిలియస్ మొదటి లెవెల్ సంగీతాన్ని తెరిచాను. బాణీ ఛానెళ్లు రెండూ మూశాను, ట్రయాంగిల్ మూశాను, నాయిస్ మూశాను. బేస్ ఒక్కటే మిగిలింది. దాన్ని స్పీకర్లో పెట్టి, వేరే పనిలో పడి, అలా వదిలేశాను.

మా వదినకు వీడియో గేములతో ఏనాడూ పరిచయం లేదు, ఈ గేమ్ పేరు కూడా ఆవిడ వినలేదు. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్నారు. ఐదారు ఆవర్తనాలు అయ్యాక చూస్తే, ఆవిడ పాదం నేల మీద తాళం వేస్తోంది. మరి కాసేపటికి గుమ్మం దగ్గరికి వచ్చి, "దీని పైన పాట ఒకటి ఉండాలి కదా, అది తీసేశావా?" అని అడిగారు.

మూసిన ఛానెళ్లు ఒకదాని తర్వాత ఒకటి తెరిచాను. ఆవిడ చేతిలో సగం మడత పెట్టిన దుప్పటితో బాణీ రెండుసార్లు తిరిగేదాకా అక్కడే నిలబడి విన్నారు.